తక్కువ వాట్లలోనూ వేప్ కాయిల్ మాడిపోతోంది: కారణం ద్రవం చిక్కదనమా, తీపా?

నమస్కారం. నేను ఇంగ్లండులో ఉంటున్నాను. వాడి పారేసే వేప్‌ల (ఈ-సిగరెట్ల) అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి ఇక్కడ నిషేధించడంతో ద్రవం మళ్లీ నింపుకునే రీఫిల్ పరికరానికి మారాను (మన దేశంలో 2019 నుంచి వేప్‌ల అమ్మకమే నిషేధం కనుక ఇక్కడ వాడుతున్నవారినే అడుగుతున్నాను).

నాది 0.6 ఓమ్ మెష్ కాయిల్ (ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే, వల లాంటి లోహపు రేకు). దాని మీద 20–25 వాట్లు అని ముద్రించి ఉంది. కొత్తది బిగించే ముందు దానిలోని దూదిని ద్రవంతో తడిపి, ట్యాంకు నింపి, పావుగంట ఆగి, 20 వాట్ల దగ్గరే మొదలుపెడుతున్నా, వారం తిరగకముందే గొంతు పట్టేసే మాడు రుచి వస్తోంది. విప్పి చూస్తే దూది మెష్‌కు ఆనుకున్నచోట నల్లబడి, అంచుల్లో తెల్లగానే ఉంటోంది. మెష్ మీద మాత్రం ముదురు పాకంలా జిగట పొర పేరుకుంటోంది.

ద్రవంలో వెజిటబుల్ గ్లిజరిన్ 70 శాతం, పైగా బాగా తీపి. చిక్కటి ద్రవం దూదిలోకి నెమ్మదిగా ఎక్కుతుంది, తీపి కోసం కలిపే సుక్రలోజ్ కాయిల్‌కు మాడి అంటుకుంటుంది. ఈ రెండింటిలో నా కాయిల్‌ను చెడగొడుతున్నది ఏదో తేల్చుకోవడం ఎలా? గ్లిజరిన్ సగానికి తగ్గించిన ద్రవానికి మారితే ఇవే వాట్లు సరిపోతాయా, పీల్పుల మధ్య ఎంత విరామం ఇవ్వాలి? ఉష్ణోగ్రత నియంత్రణ పెట్టుకోమని దయచేసి చెప్పకండి. ఇది కాంథాల్ (ఒక మిశ్రమలోహం) కాయిల్, దానికి ఆ పద్ధతి పనిచేయదు.