పొల్లుకు గడి ఇవ్వాలా? ‘కారు – కార్’ పేచీ (గళ్ళనుడికట్టు, అంటే క్రాస్‌వర్డ్, కట్టేవాళ్ళు మారుపేర్లతో చేసిన చర్చ)

అడ్డగీత: ఆధారం: ‘నాలుగు చక్రాల బండి (2)’. ఒకరు ‘కారు’ అని నింపుతారు, ఇంకొకరు ‘కార్’ అని. రెండూ రెండు గళ్ళే. బస్సు–బస్, పెన్ను–పెన్, వకీలు–వకీల్, అన్నీ ఇదే బాపతు. గడుల లెక్క చూసి తేల్చుకోలేం. నా మాటేమిటంటే, గళ్ళనుడికట్టులో పొల్లుకు (‘ర్’ లాంటి అచ్చు లేని హల్లుకు) చోటివ్వకూడదు, ఉకారం చేరిన రూపమే కట్టాలి.

ఇది ఛాందసం కాదు, అల్లికకు సంబంధించిన ఇబ్బంది. ‘రు’ గడిలోంచి రుచి, రుమాలు మొదలుపెట్టొచ్చు. బరువు, చెరువు మధ్యలోంచి దిగిపోవచ్చు. ‘ర్’తో మొదలయ్యే తెలుగు మాట లేదు. కాబట్టి నిలువు మాట కూడా దాదాపు ఎప్పుడూ అక్కడే ఆగాలి, కింద నల్లగడి పడాలి. తిప్పి చూసినా ఒకేలా ఉండే గళ్ళపటం అయితే ఎదురు మూల వైపు ఇంకో నల్లగడి. ఒక్క పొల్లు కోసం ఇంత తతంగం!

నిండుసున్న: అలాగైతే ‘వరంగలు’ అని కట్టండి, ఎంతమంది నింపుతారో చూద్దాం. ఏ బస్సు బోర్డు మీదైనా ఆ రూపం ఉందా? ఓరుగల్లు ఉందంటారేమో, అది వేరే మాట, దానికి ఆధారం వేరే రాయాలి. కరీంనగర్, నిజామాబాద్ సంగతీ అంతే. ఇక నల్లగడి ఖర్చంటారా, పొల్లు మాటల్ని కుడి కింది మూలకు తోసేయండి. అడ్డం ‘సర్దార్’, నిలువు ‘మలబార్’, రెండూ ఆ మూల గడిలో ‘ర్’ దగ్గర కలుస్తాయి. పటం అంచే అడ్డుగోడ, నల్లగడి అక్కర్లేదు.

హల్లుగుల్ల: ఉకారం చేర్చడం ఇంగ్లీషు మాటలతో వచ్చిన అలవాటు కాదండీ. సంస్కృతం మనస్, తేజస్, విద్యుత్, వాక్ మన దగ్గర మనస్సు, తేజస్సు, విద్యుత్తు, వాక్కు అయ్యాయి. బస్సు, కప్పు, పెన్ను నడిచింది ఆ బాటలోనే. చివరి హల్లుకు ముందు దీర్ఘం ఉంటే మామూలుగా ద్విత్వం రాదు: కారు, రైలు, అరబ్బీ–పారసీ నుంచి వచ్చిన జవాబు, వకీలు, రసీదు. ‘వాక్కు’, ‘రోడ్డు’ లాంటివి మొండికేస్తాయి, ‘నోటు’, ‘బోటు’ నడిచిన దారికి రావు. డాక్టరు, నంబరు, కలెక్టరులో దీర్ఘం లేకపోయినా చివరి రేఫ ద్విత్వం కాలేదు.

అసలు తమాషా చ, జ ల దగ్గర. బెంచి, బ్రాంచి, కాలేజి ఇకారం పట్టుకున్నాయి. మరి రోజు, దస్తావేజు ఉకారం ఎందుకు పట్టుకున్నాయి? పారసీలో వాటి చివరి ధ్వని ఇంగ్లీషు జెడ్ లాంటిది, తెలుగులోకి దంత్య జకారంగా (పళ్ళ దగ్గర పలికే ‘జ’గా) వచ్చింది. కాలేజిలోది తాలవ్యం (అంగిలి దగ్గర పలికే ‘జ’). అందుకే ‘చదువుల చోటు (3)’ అని ఇస్తే ‘కాలేజు’ రాదు గానీ ‘జి’నా ‘జీ’నా అన్న పేచీ మాత్రం మిగిలే ఉంటుంది. పొల్లు తీసేస్తే సందిగ్ధం పోతుందనుకోవడం భ్రమ.

మూడోదారి: ‘రంగం’ రెండు గళ్ళే కదా? సున్న కూడా అచ్చు లేనిదే, అయినా దానికి విడి గడి ఇవ్వం. పొల్లునూ ముందు అక్షరంతో కలిపేస్తే ‘కార్’ ఒక్క గడి, ‘కారు’ రెండు. లెక్కతోనే తేలిపోతుంది.

అడ్డగీత: తేలుతుంది, కానీ పటం బిగుసుకుపోతుంది. ‘కాం’ గడికి కాంతి, కాంచనం, ఏకాంతం ఉన్నాయి. ‘కార్’ గడికి? షికార్, ఓంకార్… ఆ తర్వాత వెతుక్కోవాలి. కార్యం పనికిరాదు, అది కా–ర్యం.

కోడుగడి: ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్ళు ముందు మీ సాఫ్ట్‌వేర్ ఏ లెక్కన ముక్కలు చేస్తోందో చూసుకోండి. పాత లైబ్రరీలు (సాఫ్ట్‌వేర్‌లో వాడుకునే సిద్ధంగా ఉన్న కోడు) ‘విద్య’ను వి, ద్, య అని మూడుగా కోస్తాయి. 2023లో వచ్చిన యూనికోడ్ (కంప్యూటర్లలో అక్షరాల ప్రమాణం) 15.1 నియమాల్లో తెలుగు సంయుక్తాక్షరాలు విడిపోకుండా కలిపారు. పాత లైబ్రరీ వాడుతుంటే నియమం మీరే రాసుకోవాలి: హల్లు, దాని వెంట ఎన్ని ఒత్తులుంటే అన్నీ, ఆపైన గుణింతం, సున్న లేదా విసర్గ, ఇదంతా ఒక గడి. మాట చివర గానీ, వెడల్పు లేని విభజని (ZWNJ, అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు) ముందు గానీ పొల్లు మిగిలితే ఆ హల్లుకు వేరే గడి. పరీక్షకు ‘సాఫ్ట్‌వేర్’ వేయండి: సా, ఫ్ట్, వే, ర్, నాలుగు రావాలి. విభజని ఎగిరిపోతే ‘ఫ్ట్వే’ ఒక ముద్దై మూడే వస్తాయి.

సరిచూసే చోట ఇంకో చిక్కు. చివరి గడి మీదుగా నిలువు మాట లేకపోతే కారు, కార్ రెండూ ఒప్పని పెట్టండి. లేదంటే సరిగ్గా నింపినవాళ్ళకీ ఎర్రరంగు చూపిస్తుంది.

అడ్డగీత: ఊరి పేర్లకు, మనుషుల పేర్లకు పొల్లు ఒప్పుకుంటాను. మామూలు మాటలకు మాత్రం ఉకారమే, పైగా ఆ చివరి గడి మీదుగా నిలువు మాట ఉండి తీరాలి. ఈ నియమం పటం పైన రాసిపెట్టాలి.

నిండుసున్న: మరి ‘పాస్‌పోర్టు’? చివర ఉకారం చేర్చినా నడుమ ‘స్’ అలాగే ఉంది. పా, స్, పో, ర్టు.

అడ్డగీత: ‘స్’ గడికి నిలువు మాట తగలకుండా పైనా కిందా నల్లగడులు పెట్టాలి, లేదా గ్యాస్ లాంటిది పైనుంచి దిగి అక్కడ ఆగాలి. రెండూ కుదరకపోతే ఆ మాట మానేసి ‘వీసా’ కడతాను.