యూకాన్ నదిలో ఏడేళ్ల వేట నిషేధం న్యాయమేనా?

ఉత్తరగాలి:
అమెరికాలోని అలాస్కా రాష్ట్రమూ కెనడా ప్రభుత్వమూ 2024 ఏప్రిల్‌లో కుదుర్చుకున్న ఒప్పందంతో యూకాన్ నదిలో చినూక్ సాల్మన్ వేట ఏడేళ్లపాటు ఆగిపోయింది. ఈ చేప ఒక తరం పూర్తిగా గడవడానికి పట్టే కాలమది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలో ఎదురీది, అలాస్కా సరిహద్దు దాటి కెనడాలోకి ఏటా 71,000 చేపలు చేరాలన్నది లక్ష్యం కాగా, 2022లో చేరినవి సుమారు 12 వేలే. కనుక నిషేధం సబబేనని నా అభిప్రాయం.

రెల్లుపొద:
లెక్కతో నాకు పేచీ లేదు. దాని భారం ఎవరి నెత్తిన పడిందన్నదే ప్రశ్న. బేరింగ్ సముద్రం వదిలాక మేత ముట్టకుండా కెనడాలోని వైట్‌హార్స్ పట్టణం దాకా దాదాపు మూడు వేల కిలోమీటర్లు ఎదురీదవలసిన చేప కావడం వల్ల ఈ చినూక్ ఒంట్లో కొవ్వు దండిగా ఉంటుంది. నది ఒడ్డున ఉండే యూపిక్, అథబాస్కన్ ఆదివాసీ తెగల కుటుంబాలు చలికాలానికి దాచుకునేది దానినే. ఏటి ఒరవడికే తిరిగే చక్రపు బుట్టలో పడిన చేపను ఒడ్డునే బారుగా చీరి, దండెలకు వేలాడదీసి, కింద సన్నగా పొగ పెడతారు. (ఆ కత్తివాటం పిల్లలకు అబ్బేది ఆ ఒడ్డునే, ఏడేళ్లు పొగ లేవని చోట ఎవరు ఎవరికి నేర్పాలి?) అదే సమయంలో సముద్రంలో పెద్ద వలలు ఈడ్చే ట్రాలర్ ఓడలతో పొలాక్ అనే మరో రకం చేపల వేట మాత్రం సాగుతూనే ఉంది. 2007లో ఆ ట్రాలర్ల వలల్లో సుమారు 1,22,000 చినూక్‌లు కూడా అనుకోకుండా చిక్కాయి. పరిమితులు విధించాక ఆ సంఖ్య బాగా తగ్గిన మాట నిజమే కానీ, సున్నా కాలేదు.

గోదారిగట్టు:
మన తూర్పు తీరంలో 61 రోజుల నిషేధానికే ప్రభుత్వం మత్స్యకారులకు భృతి ఇస్తోంది. అక్కడ ఏడేళ్లకు ఏమిస్తున్నారు?

ఉత్తరగాలి:
భృతి అడగడం న్యాయమే. అయితే ట్రాలర్లకు చిక్కినవన్నీ యూకాన్ చేపలు కావు. జన్యు పరీక్షల ప్రకారం ఈ నదివి అందులో కొద్ది భాగమే. నీరు వేడెక్కడం, ఇక్తియోఫోనస్ అనే పరాన్నజీవి సోకడం, తిరిగివచ్చే ఆడచేపలు మునుపటికన్నా చిన్నవై గుడ్లు తగ్గడం, ఇవేవీ ట్రాలర్లను ఆపినంత మాత్రాన ఆగేవి కావు.

రెల్లుపొద:
ఆగవు, ఒప్పుకుంటాను. కానీ నది వేడెక్కడానికి కారణం ఒడ్డున ఉన్న పల్లెవారూ కారు కదా. కొద్ది భాగమే కనుక ట్రాలర్లను ఉపేక్షించవచ్చు అన్నప్పుడు, పల్లెలో ముసలమ్మ పొగ పెట్టే కొట్టంలో వేలాడే నాలుగు చేపలకు ఆ తర్కం ఎందుకు వర్తించదు? నిషేధం ఉండనివ్వండి, ఏడేళ్లూ సముద్రంలోని వారికీ అంతే కఠినమైన పరిమితి పెట్టి, దాన్ని నిర్ణయించే చోట ఆ తెగలకు ఓటు ఇవ్వాలన్నదే నా వాదన.