చివరి ర్యాంకు ల్యాప్‌టాప్ తీసేస్తే మొదటి ర్యాంకు మారిపోయింది, ఎందుకు?

ప్రశ్న:
మూడు ల్యాప్‌టాప్‌లలో ఒకటి తేల్చుకోవడానికి షీట్ వేసుకున్నా. ధర, బరువు, బ్యాటరీ, స్క్రీన్... ప్రతి కాలమ్‌లో అధ్వాన్నమైనదానికి 0, మేలైనదానికి 1, మధ్యదానికి దామాషాలో ఇచ్చి, వెయిట్‌లతో (ఏది నాకెంత ముఖ్యమో చెప్పే అంకెలతో) గుణించి మొత్తం కలిపా. ‘బి’ మొదటొచ్చింది, ‘సి’ చివర. ఎలాగూ కొనను కదా అని సి వరుస తీసేస్తే ‘ఎ’ పైకొచ్చి కూర్చుంది! ఫార్ములాలు మూడుసార్లు చూశా, తప్పేం కనబడలేదు.

జవాబు 1:
తప్పు ఫార్ములాలో కాదు, ఆ 0–1 కొలతలోనే ఉంది. బ్యాటరీ ఎ 10 గంటలు, బి 8, సి 2 అనుకోండి. సి ఉన్నప్పుడు ఎ కి 1, బి కి 0.75. సి పోగానే బి యే అధ్వాన్నం, దానికి సున్నా. అదే రెండు గంటల తేడా 0.25 నుంచి ఏకంగా 1 అయింది, వెయిట్ మాత్రం పాతదే. ఇలా ఒకటి తీసేస్తే మిగతావాటి వరుస తారుమారవడాన్నే ర్యాంక్ రివర్సల్ అంటారు.

జవాబు 2:
ఏహెచ్‌పీకి (రెండేసి చొప్పున పోల్చి మార్కులేసే పద్ధతి) మారితే పోతుందనుకోకండి, అందులోనూ ఇది వస్తుందని బెల్టన్, గియర్ అనే పరిశోధకులు 1983లోనే చూపించారు. టాప్సిస్‌దీ (అన్నిట్లో మేలైన ఊహా ఎంపికకు ఏది దగ్గరో కొలిచే పద్ధతి) అదే కథ. నేనైతే షీట్ తెరవకముందే హద్దులు రాసుకుంటా: బ్యాటరీ 4 గంటలకు తగ్గితే అసలు వద్దు, 4 అంటే 0, 12 దాటితే నాకు అదనంగా ఒరిగేదేం లేదు, కాబట్టి అది 1. అప్పుడు ఏది చేర్చినా తీసేసినా మిగతావాటి స్కోరు కదలదు.

జవాబు 3:
వెయిట్‌లూ కాస్త కదిపి చూడండి. ధరది 0.30 నుంచి 0.35 చేయగానే మొదటి ర్యాంకు మారితే పైనున్న రెండు ల్యాప్‌టాప్‌లూ మీకు దాదాపు సమానమే. వెయిట్‌ల మొత్తం 1 అయ్యేలా మిగతావి తగ్గించండి, నేనోసారి మర్చిపోయి రోజంతా తల పట్టుకున్నా.

ప్రశ్న అడిగినవారు:
హద్దులు పెట్టా. సి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎ 0.61, బి 0.59. ఇంత దగ్గరైతే బరువు తక్కువున్నదే తీసుకుంటా, రోజూ మోసేది నేనే కదా.