11,000 ఆర్‌పీఎం వీ12 ఇంజిన్‌లో వాల్వ్ ఫ్లోట్‌ను ఎలా నివారించాలి?

ఆటోమేషన్ అనే కార్ల రూపకల్పన ఆటలో ఒక కల్పిత సూపర్‌కారు కోసం టర్బో లేని వీ12 (12 సిలిండర్ల) ఇంజిన్‌ను తయారుచేస్తున్నాను. బోరు (సిలిండర్ వ్యాసం) 84 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 60 మి.మీ. కావడంతో సామర్థ్యం సుమారు 3,990 సీసీ వస్తోంది. దీనికి స్ఫూర్తి గోర్డన్ మర్రే టి.50 కారు. అందులోని 3.9 లీటర్ల కాస్‌వర్త్ వీ12 ఇంజిన్ 12,100 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వరకు తిరుగుతుంది. నేను అంత ఆశించడం లేదు, 11,000 చాలు.

ఆ వేగం వద్ద పిస్టన్ల సగటు వేగం సెకనుకు 22 మీటర్లే కాబట్టి, టైటానియం కనెక్టింగ్ రాడ్లు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు అమర్చాక ఇంజిన్ కింది భాగం బాగానే తట్టుకుంటోంది. చిక్కంతా వాల్వులు ఉండే పై భాగమైన సిలిండర్ హెడ్‌లోనే ఉంది. 9,800 దాటగానే వాల్వ్ ఫ్లోట్ (వాల్వులు ఆ వేగాన్ని అందుకోలేక సమయానికి మూసుకోకపోవడం) మొదలై శక్తి రేఖ ఒక్కసారిగా పడిపోతోంది. క్యామ్ ప్రొఫైల్‌ను (వాల్వులు ఎంతగా, ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించే ఆకృతిని) పెంచి చూశాను. పై వేగాల్లో గాలి ధారాళంగా అందుతోంది గాని, 5,000 లోపు టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) దాదాపు మాయమై, కారు మలుపుల నుంచి బయటకు రావడానికే బద్ధకిస్తోంది.

బోరు తగ్గించి చిన్న, తేలికైన వాల్వులకు మారడం మేలా, లేక హెడ్ నాణ్యతను పెంచి, వాల్వ్ లిఫ్ట్ మారే ఏర్పాటుతో టార్క్‌ను కాపాడుకోవడం మేలా? టర్బో పెట్టమనే సలహా మాత్రం దయచేసి వద్దు. ఈ కారుకు ఆ శబ్దమే ప్రాణం. ఇలాంటి ఇంజిన్‌ను విజయవంతంగా నడిపినవారు తమ క్యామ్, వాల్వ్ అమరికల విలువలను తెలియజేయగలరు.