పాత ఏఆర్-3ఏ స్పీకర్లలో రాక్‌వూల్: ఉంచాలా, పారేసి పాలిస్టర్ కూరాలా?

బసవనగుడి_బాస్:
1960ల చివరి ఏఆర్-3ఏ (అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీది) స్పీకర్ల జత. కెపాసిటర్లు మార్చాలంటే క్రాసోవర్ (శబ్దాన్ని ఒక్కో స్పీకర్‌కి విడదీసి పంపే సర్క్యూట్) దాకా చెయ్యి పోవాలి, దాని మీదంతా బూడిదరంగు రాక్‌వూల్. ఆస్‌బెస్టాసేనని ఒకరు, కాదని ఒకరు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మొత్తం తీసేసి దిండ్ల పాలిస్టర్ కూరితే నష్టమేంటి?

సీల్డ్‌బాక్స్_శాస్త్రి:
నష్టం బాస్ ధ్వనికే. ముందు భయం సంగతి: రాక్‌వూల్ రాయిని కరిగించి తీసిన నార, ఆస్‌బెస్టాస్ గనిలో తవ్వేది. డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2001లో ఇన్సులేషన్ రాక్‌వూల్‌ని, గ్లాస్‌వూల్‌ని 2బి (క్యాన్సర్ తేవచ్చు) నుంచి గ్రూప్ 3కి మార్చింది. ఆస్‌బెస్టాస్ గ్రూప్ 1, అంటే క్యాన్సర్ తెస్తుందని రుజువైనది.

ఇక పాలిస్టర్. ఈ సీల్డ్ పెట్టెలో కోన్‌కి స్ప్రింగ్ చాలావరకు లోపలి గాలే. గాలి నొక్కుకుంటే పుట్టే వేడిని నారలు లాక్కుంటాయి, దాంతో పెట్టె ఉన్నదానికంటే పెద్దదిలా పనిచేస్తుంది. లెక్క ప్రకారం 40 శాతం దాకా. నిజంగా అందులో సగం దక్కితే గొప్ప. సన్న నారే ఈ పని బాగా చేస్తుంది. దిండు పాలిస్టర్ నార రాక్‌వూల్ నారకి మూడింతల పైనే లావు. కంటికి సమానంగా కూరితే రెసొనెన్స్ (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) పైకెక్కి, బాస్‌లో బిగువు పోయి డబ్బా మోత వస్తుంది.

దురదల_దొర:
గ్రూప్ 3 అంటే సురక్షితమని కాదు శాస్త్రి గారూ, తేల్చడానికి ఆధారాలు చాలవని. పైగా యాభై ఏళ్లు దాటిన పెట్టె. మధ్యలో ఏ మెకానిక్ ఏం కూరాడో కంటితో చెప్పలేం. ఇదివరకు తెరిచిన ఆనవాళ్లుంటే చిటికెడు తడిపి, జిప్ కవర్లో వేసి, ఆస్‌బెస్టాస్‌కి మైక్రోస్కోప్ పరీక్ష చేసే ల్యాబ్‌కి పంపండి. ఫలితం వచ్చేదాకా వూఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) స్క్రూలు బిగించే ఉంచండి. రాక్‌వూలే అని తేలినా నా ఓటు తీసేయడానికే, పిల్లలున్న ఇల్లు కదా.

నాలుగు_ఓమ్స్:
మూసిన పెట్టెలోంచి నార బయటికి రాదు దొరా. దుమ్మంతా కదిపినప్పుడే, అంటే తీసేయడంలోనే ఎక్కువ.

బాస్ గారూ, ల్యాబ్ ఆస్‌బెస్టాస్ కాదన్నాకే ఇది. బాల్కనీలో, ఫ్యాన్ లేకుండా. ఎన్95, కళ్లద్దాలు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా. పెట్టెలో నీళ్లు చిమ్మొద్దు, చెక్క ఉబ్బుతుంది. వూఫర్ రంధ్రం దగ్గరే కవర్ పట్టుకుని, పిడికెడు పిడికెడుగా నేరుగా అందులోకి. చీపురు, ఇంటి వాక్యూమ్ వద్దు, తడిగుడ్డ చాలు. ఒక్కో పెట్టెది విడిగా గ్రాముల్లో తూచి రాసుకోండి. తిరిగి వెళ్లాల్సింది అంతే బరువు, వదులుగా విడదీసి. వూఫర్ వెనక పలుచటి మల్లు గుడ్డ తప్పనిసరి, లేదంటే నార వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) సందులోకి పోయి గరగరమంటుంది.

సీల్డ్‌బాక్స్_శాస్త్రి:
బిగించాక కోన్‌ని రెండు చేతులతో మెల్లగా నొక్కి వదలండి. నెమ్మదిగా వెనక్కి రావాలి. టక్కున వస్తే లీకు: వూఫర్ చుట్టూ గాలి పోకుండా పెట్టే గాస్కెట్ మట్టి ఎండిందో, కోన్ అంచున ఉండే గుడ్డ సరౌండ్ మీది పూత పోయిందో. లీకు ఉండగా స్టఫింగ్ గురించి వాదించడం దండగ.

దురదల_దొర:
సరే, పాలిస్టరే కూరి బరువు పెంచుకుంటూ పోతే?

నాలుగు_ఓమ్స్:
కొంతవరకు సర్దుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ఆర్‌ఈడబ్ల్యూ (ధ్వని కొలిచే సాఫ్ట్‌వేర్), సిరీస్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఇంపీడెన్స్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర స్పీకర్ నిరోధం) గ్రాఫ్ తీయండి. రెసొనెన్స్‌ని చూపే శిఖరం 42-43 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. మరీ దట్టిస్తే నార గాలి చోటే తినేసి శిఖరం మళ్లీ పైకి పోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు మార్కెట్‌లో వెతికే ఓపిక ఉంటే ఏసీ డక్ట్‌లకు చుట్టే గ్లాస్‌వూల్ మేలు, రేకు అంటించనిది.

దురదల_దొర:
దురద మళ్లీ అదే కదా గురూ!