కొత్త సైన్స్ ఫిక్షన్‌ల మనుషులు ఎటు పోయిన్రు?

హన్మకొండ_పాఠకురాలు:
కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ‘ద మినిస్ట్రీ ఫర్ ద ఫ్యూచర్’ (2020) మొదటి అధ్యాయం చదివి చానసేపు ఊకెనే కూసున్న. ఉత్తరప్రదేశ్‌ల ఒక పట్టణం. ఎండకు ఉక్క తోడైతది, కరెంటు పోతది. జనం చెరువుల దిగుతరు, ఆ నీళ్లు ఒంటికంటే వేడిగుంటయి. తెల్లారేసరికి దాదాపు అందరు చచ్చిపోతరు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 డిగ్రీలు చూపిస్తే చెమట ఆరది, నీడల కూసున్నా ఒళ్లు చల్లబడది, గట్టి మనిషి కూడా కొన్ని గంటలల్ల పోతడు. మే నెలల రామగుండంల ఉన్నోళ్లకు ఈ భయం ఎవ్వలు చెప్పక్కర్లే.

తర్వాత కథ స్విట్జర్లాండుల జ్యూరిక్ పోతది. ఆన్నుంచి నడిచేదంతా బతికి బయటపడ్డ ఒక అమెరికన్ వెంట, పుస్తకం పేరుల ఉన్న ఆ ‘మినిస్ట్రీ’ సంస్థను నడిపే ఐర్లాండు ఆమె వెంట. సచ్చినోళ్ల ఇండ్లల్ల ఏమైందో చెప్పకుంట రాబిన్సన్ మీటింగుల ముచ్చట్లే చెప్తడు.

చైనా రచయిత లియు సిషిన్ ‘ద త్రీ బాడీ ప్రాబ్లమ్’కు 2015ల సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. చైనా సాంస్కృతిక విప్లవంల తండ్రిని కండ్లముంగట కొట్టి చంపంగ చూసిన యె వెంజియె ఉన్నంతసేపు పుస్తకం కింద పెట్టలే. సైంటిస్టు వాంగ్ మియావో వచ్చినంక ఆయన భార్య, కొడుకు రెండుమూడు పేజీలు కనబడి మాయమైతరు. ఆలోచన పెద్దదైతే మనిషి చిన్నగ కావాల్నా? నేనైతే ఒప్పుకోను.

గోదావరిఖని_పోరడు:
అక్కా, నాకు ఆ మీటింగులే నచ్చినయి. గాలిల కలవకుంట ఆపిన ఒక్కో టన్ను కార్బన్‌కు సెంట్రల్ బ్యాంకులు ఒక కాయిన్ ఇస్తయని అండ్ల రాసిండు. మా నాయిన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల డంపర్ నడిపిండు. బొగ్గు భూమిలనే ఉంచితే వచ్చే పైసలు ఎవ్వలకు ముట్టాలె, కంపెనీకా, కార్మికునికా? తండ్రి తర్వాత తమకొచ్చే డిపెండెంట్ నౌకరి మీద ఆశ పెట్టుకున్న పిల్లలు ఏం కావాలె? ఇసొంటి ప్రశ్న వేసిన నవల నాకింకోటి దొరకలే. మనుషులు లేరనుడు కూడా తప్పే. నడుమ నడుమ చిన్న అధ్యాయాలల్ల శరణార్థి శిబిరాలల్ల ఉన్నోళ్లు సొంతంగ మాట్లాడ్తరు.

కాజీపేట_జంక్షన్:
నేను ఆండీ వీర్ ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ (2021) దిక్కు. సూర్యుని వెలుగు తగ్గుతుంటే ఒక బడిపంతులు అంతరిక్షంల రాకీ అనే జీవితోని దోస్తానా చేస్తడు. రాకీ మాట సంగీతంలెక్క ఉంటది, ఒక్కో మాట నేర్చుకుంట ఇద్దరు కలిసి పనిచేస్తరు. అండ్ల మనుషులు లేరంటరా?

హన్మకొండ_పాఠకురాలు:
రాకీ నాకూ మస్తు ఇష్టం, తమ్మీ. కానీ ఏ చిక్కొచ్చినా ఆ పంతులు పది పేజీలల్ల లెక్కేసి విప్పుతడు. అట్ల విప్పలేని దుఃఖం ఉన్న కథ కావాలె నాకు. టెడ్ చియాంగ్ ‘స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్’ 1998ల వచ్చింది, పెద్ద కథ, నవల కూడా కాదు. గ్రహాంతరవాసుల భాష నేర్చుకున్న తల్లికి బిడ్డ చనిపోతదని ముందే తెలుసు, అయినా కంటది. అండ్ల సైన్సు తీసేస్తే తల్లి దుఃఖం నిలబడది, తల్లిని తీసేస్తే సైన్సుకు అర్థం లేదు. నా కొలత గదే.

గోదావరిఖని పోరడా, ఆ చిన్న అధ్యాయాలు నేనూ చదివిన. రెండు పేజీలు మాట్లాడి పోయేటోళ్లతోని నాకు సాలది. 2023 జులైల ములుగు దిక్కు లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. మోరంచపల్లిల వాగు పొంగితే జనం ఇండ్ల మీదికెక్కి పాణాలు కాపాడుకున్నరు. యాభై ఏండ్లకు ఆ వాగు ఒడ్డున ఎవ్వలుంటరు, ఏ పంటేస్తరు, వాన చప్పుడైతే ఆ ఇంటి ముసలామె ఏం చేస్తది? ఒక నవల మొత్తం ఆ ఇంట్లనే ఉండాలె, జ్యూరిక్ పోవద్దు.

గోదావరిఖని_పోరడు:
రాస్తే నేనే ముందుగాల కొంట. కానీ ఆ వాగుకు కట్ట ఎవ్వలు కడ్తరు, పైసలెక్కడివి, ఊరు లేపితే ఎకరానికి ఎంతిస్తరు, అవి కూడా ఉండాలె. ఆ ముసలామె బతుకు ఆఖరికి ఆ ఫైలు మీదనే ఆధారపడి ఉంటదక్కా.