మోతుబరి ఓటు, జీతగాడి ఓటు: అమెరికా వార్తల్లో ‘సంపన్నులు’ ఎవరు?

ఒక సభ్యురాలి ప్రశ్న: అమెరికా ఎన్నికల వార్తల్లో ‘సంపన్నులు’ అనే మాట కనిపిస్తే చాలు, తికమక మొదలవుతోంది. ఒక కథనంలో రిపబ్లికన్లది సంపన్నుల పార్టీ అంటారు. పక్క పేజీలోనే సంపన్న ఓటర్లు డెమొక్రాట్ల వైపు మొగ్గారంటారు. అనువాదంలో పొరపాటా, అక్కడి లెక్కే అంతా? ఈ మాటకు బదులు ఇంకేదైనా ఉందా?

జవాబు: రెండూనండీ. అక్కడి లెక్కే మెలికలు తిరిగి ఉంది, మన మాట దాన్ని ఇంకా చిక్కుముడి చేసింది. ఇంగ్లీషు వార్తలో ఒకచోట ఆదాయం ఎక్కువున్న మనుషుల గురించి ఉంటుంది. ఇంకోచోట ఆస్తి ఎక్కువున్నవాళ్ళ గురించి ఉంటుంది. మరోచోట తలసరి ఆదాయం ఎక్కువున్న రాష్ట్రాల గురించి ఉంటుంది. మా పత్రికల డెస్కుల్లో రాత్రి పేజీ వదిలే టెన్షన్‌లో ఈ మూడూ ‘సంపన్నులు’ అయిపోతాయి.

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు మనవాళ్ళు ఈ తప్పు చెయ్యరు. అబ్బాయికి జీతమెంత అని ఒక ప్రశ్న, ఆస్తిపాస్తులేమిటి అని ఇంకో ప్రశ్న. మొదటిది రాబడి, రెండోది కలిమి. అమెరికా ఓటును అర్థం చేసుకోవాలన్నా ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగానే అడగాలి. ఎందుకంటే ఈ మధ్య అవి రెండూ ఒకే దిక్కుకు లాగడం లేదు.

ముందు రాబడి. 2012 అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్ ఒబామా, రిపబ్లికన్ రామ్నీ పోటీపడినప్పుడు ఎగ్జిట్ పోల్స్ పాత నమ్మకానికి తగ్గట్టే వచ్చాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 50 వేల డాలర్లలోపు ఉన్నవాళ్ళలో 60 శాతం ఒబామాకు వేశారు. లక్ష దాటినవాళ్ళలో 54 శాతం రామ్నీకి వేశారు. ఆ ఏడే రామ్నీ ఫ్లోరిడాలోని బోకా రటోన్‌లో విరాళాలిచ్చేవాళ్ళ విందులో మాట్లాడుతూ, దేశంలో 47 శాతం మంది ప్రభుత్వం మీద ఆధారపడేవాళ్ళనీ, వాళ్ళు ఎలాగూ ఒబామాకే వేస్తారనీ అన్నారు. ఆ వీడియో బయటికొచ్చి ఆయన్ని బాగా దెబ్బతీసింది. పన్నెండేళ్ళు తిరిగాయి. 2024లో 50 వేలలోపు వాళ్ళలో రిపబ్లికన్ ట్రంప్‌ సుమారు సగం ఓట్లతో డెమొక్రాట్ హ్యారిస్ కంటే కాస్త ముందున్నారు. లక్ష దాటినవాళ్ళలో హ్యారిస్ ముందున్నారు. రామ్నీ ఈసడించిన ఆ 47 శాతంలో చాలామంది ఇప్పుడు ఆయన పార్టీ ఓటర్లే.

ఈ అంకెలు మాత్రమే చూసి ‘రిపబ్లికన్లు పేదల పార్టీ అయిపోయారు’ అని శీర్షిక పెడితే మళ్ళీ తప్పులో కాలేసినట్టే. కలిమి వైపు చూడండి. సర్వేలు చేసే ప్యూ సంస్థ 2024లో ఇచ్చిన లెక్కల్లో సొంత ఇల్లున్న ఓటర్లలో సగానికి కాస్త పైగా రిపబ్లికన్ల వైపున్నారు. అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళలో మూడింట రెండొంతుల దాకా డెమొక్రాట్ల వైపున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండు లక్షల డాలర్ల జీతం తెచ్చుకుంటూ, అందులో పెద్ద ముక్క అద్దెకే పోసే కుర్రాడున్నాడు. ఒహాయో పల్లెపట్టులో 70 వేలే సంపాదిస్తూ, అప్పు తీరిపోయిన ఇల్లు, నాలుగెకరాలు, ఒక చిన్న వర్క్‌షాపు ఉన్న మనిషున్నాడు. వీళ్ళలో ‘సంపన్నుడు’ ఎవరు? రాబడి చూస్తే కుర్రాడు. కలిమి చూస్తే చెప్పడం అంత తేలిక కాదు.

అందుకే నేను ప్రతిపాదించే మాట మోతుబరి. ఇది అరబీ ‘ముఅతబర్’ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. నమ్మదగినవాడు, పరపతి ఉన్నవాడు అని అసలు అర్థం. మరాఠీలో ‘మాతబ్బర్’ ఇదే. మనదాకా వచ్చేసరికి ఊళ్ళో నాలుగెకరాలో నలభై ఎకరాలో ఉండి, అప్పు పుట్టే, మాట చెల్లే రైతు అయ్యాడు. గమనించండి, మోతుబరి అంటే కోటీశ్వరుడు కాదు. అతని పరపతి ఆ ఊరి పొలిమేర దాటదు, కానీ ఊళ్ళో మాత్రం అతనే పెద్ద.

రిపబ్లికన్ పార్టీకి ఏళ్ళ తరబడి వెన్నెముకగా ఉన్నది ఇలాంటి మనుషులే. కౌంటీలో (మన జిల్లా లాంటిది) కార్ల డీలర్, బీరూ కూల్‌డ్రింకులూ సరఫరా చేసే డిస్ట్రిబ్యూటర్, ఇళ్ళకు కప్పులేసే కాంట్రాక్టర్, ట్రక్కుల యజమాని, పెద్ద కమతం ఉన్న రైతు. అమెరికా పన్ను రికార్డులు తవ్విన ఆర్థికవేత్తలు చెప్పింది కూడా ఇదే. అక్కడ ఆదాయపు మెట్లలో బాగా పైనున్నవాళ్ళలో ఎక్కువమంది టీవీలో కనిపించే టెక్ కుబేరులు కారు, ఇలాంటి వ్యాపారాలను సొంతంగా నడిపేవాళ్ళు. డాక్టర్లు, లాయర్లు కూడా అందులో ఉన్నారనుకోండి. 2017 పన్నుల చట్టంలో ఇటువంటి సొంత వ్యాపారాల ఆదాయంపై 20 శాతం దాకా మినహాయింపు ఊరికే రాలేదు.

ఇంకో ముచ్చట, ఇది పూర్తిగా భాషకు సంబంధించింది. చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్నుకు అమెరికాలో అసలు పేరు ‘ఎస్టేట్ టాక్స్’. ఎస్టేట్ అంటే ఎవరికైనా పెద్ద బంగళా గుర్తొస్తుంది, పన్ను వేస్తే తప్పేముంది అనిపిస్తుంది. 1990లలో దాన్ని వ్యతిరేకించినవాళ్ళు పట్టుబట్టి ‘డెత్ టాక్స్’ అనడం మొదలుపెట్టారు. చావు పన్ను! నిజానికి ఇది తగిలేది బాగా పైనున్న కొద్దిమందికే. 2024లో ఒక మనిషికి కోటీ 36 లక్షల డాలర్ల దాకా మినహాయింపు ఉండేది. అయినా చావు ప్రతి ఇంటికీ వస్తుంది కాబట్టి పన్ను కూడా ప్రతి ఇంటికీ వస్తుందని జనానికి అనిపించింది. మనదేశంలో ఇటువంటి పన్నే 1985లో పోయింది.

వ్యాఖ్య (కరీంనగర్ నుంచి): అన్నా, మోతుబరి బాగనే ఉంది గానీ మా దిక్కు ‘పెద్ద ఆసామి’ అంటేనే ఎక్కువ తెలుస్తది. ఇంకోటి, మోతుబరి అనంగనే కులం, భూమి రెండూ కండ్ల ముందట నిలబడతయి. అమెరికల గట్లుంటదా?

జవాబు: ఆసామి కూడా బాగుంది తమ్ముడూ, అదీ అరబీ నుంచే. కాకపోతే పాత రెవెన్యూ కాగితాల్లో ఆసామి అంటే శిస్తు కట్టే మామూలు రైతు కూడా కావచ్చు. ‘పెద్ద’ తగిలిస్తే గాని పని జరగదు.

కులం గురించి నువ్వు అడిగింది అసలైన ప్రశ్న. అక్కడ ఆ చోట జాతి ఉంది. రాబడికీ కలిమికీ తేడా అక్కడ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2022లో నల్లజాతి కుటుంబాల మధ్యస్థ ఆదాయం (వరసలో సరిగ్గా నడిమధ్యనున్న కుటుంబానిది) సుమారు 53 వేల డాలర్లు, తెల్లవారిది సుమారు 81 వేలు. అంటే ఒకటిన్నర రెట్లు. అదే ఏడాది ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) సర్వేలో మధ్యస్థ ఆస్తి చూస్తే నల్లవారికి 45 వేలు, తెల్లవారికి 2 లక్షల 85 వేలు. ఆరు రెట్లు! ఇంటి అప్పులు ఇవ్వకుండా, మంచి పేటల్లో కొననివ్వకుండా తరాల తరబడి ఆపితే ఇంతే అవుతుంది. జీతాలు ఒక తరంలో కాస్త పెరగొచ్చు గానీ తాతకే ఇల్లు లేకపోతే మనవడికి ఇల్లు ఎక్కణ్ణుంచి వస్తుంది? నల్లవారు పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది డెమొక్రాట్లకే వేస్తూ వచ్చారు, బాగా సంపాదించేవాళ్ళు కూడా. కాబట్టి ‘పేదలు డెమొక్రాట్లకు వేస్తారు’ అనే వాక్యంలో చాలా భాగం నిజానికి జాతి గురించిన వాక్యం.

ఆసియన్ల సంగతి ఇంకో రకం. అదే సర్వేలో వాళ్ళ మధ్యస్థ ఆస్తి 5 లక్షల 36 వేలు, తెల్లవారి కంటే ఎక్కువ. అయినా ఎక్కువమంది డెమొక్రాట్లే. కలిమి ఒక్కటే ఓటును నడిపితే ఇలా ఉండకూడదు కదా.

వ్యాఖ్య (జార్జియా, ఫోర్సైత్ కౌంటీ నుంచి): మా కౌంటీ మాటేమిటి మరి? ఇక్కడ జీతాలూ ఎక్కువే, ఇళ్ళూ సొంతమే, మన తెలుగువాళ్ళూ కుప్పలు. అయినా ట్రంప్‌కి భారీ మెజారిటీ. వర్జీనియాలో మా చెల్లెలుండే లౌడన్ కౌంటీలో సరిగ్గా ఇటువంటి ఇళ్ళే, అక్కడ డెమొక్రాట్లు గెలుస్తారు.

జవాబు: అక్కా, మీ ఇద్దరి ఇళ్ళూ పక్కపక్కన పెడితే ఈ చర్చంతా అందులోనే ఉంది. లౌడన్‌లో మధ్యస్థ కుటుంబ ఆదాయం లక్షా 70 వేల డాలర్ల పైమాటే, దేశంలోకెల్లా పైవరసలో ఉంటుంది. 1968 నుంచి 2004 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్లకే వేసిన కౌంటీ అది. 2008లో ఒబామాతో తిరిగింది, మళ్ళీ వెనక్కి పోలేదు. 2024లో హ్యారిస్ కూడా గెలిచారు గానీ ఆధిక్యం బాగా తగ్గింది. అక్కడి డబ్బు వాషింగ్టన్ చుట్టూ ఉన్న ప్రభుత్వ కాంట్రాక్టులది, యాష్‌బర్న్ డేటా సెంటర్లది, డిగ్రీల మీద వచ్చే జీతాలది. ఫోర్సైత్‌లో తెల్లవారి పాత కుటుంబాలు, చర్చీలు, సొంత వ్యాపారాలు బలంగా ఉన్నాయి. ఈ మధ్య వచ్చిన మనవాళ్ళలో ఇంకా పౌరసత్వం రానివాళ్ళు ఎంతమందో మీకే బాగా తెలుసు. ఇల్లు కొనడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఓటుకి కావాలి.

ఇప్పుడు రెండు పార్టీలనూ విడదీసే గీత ఆదాయం కన్నా చదువు. 2024లో డిగ్రీ ఉన్నవాళ్ళలో హ్యారిస్, లేనివాళ్ళలో ట్రంప్, రెండుచోట్లా పదిపైన శాతం తేడాతో గెలిచారు. ఇక్కడే తెలుగు అనువాదం ఇంకో గోతిలో పడుతోంది. అమెరికా సర్వేలలో ‘వర్కింగ్ క్లాస్’ అంటే చాలాసార్లు నాలుగేళ్ళ డిగ్రీ లేనివాళ్ళని మాత్రమే అర్థం. దాన్ని మనవాళ్ళు ‘శ్రామిక వర్గం’ అని రాస్తున్నారు. ఆ మాట వినగానే మనకు కొడవలీ సుత్తీ గుర్తొస్తాయి. డిగ్రీ లేకుండా పాతికమందిని పనిలో పెట్టుకుని ఏడాదికి మూడు లక్షలు మిగుల్చుకునే కాంట్రాక్టర్ ఆ సర్వేలో శ్రామికుడు. పీహెచ్‌డీ చేసి 50 వేలకు కాలేజీలో పార్ట్‌టైం పాఠాలు చెప్పే మనిషి శ్రామికుడు కాదు. ‘డిగ్రీ లేనివాళ్ళు’ అని సాదాగా రాస్తే పోదా?

అయితే అసలైన శ్రామికులు కూడా రిపబ్లికన్ల వైపు వెళ్ళిన మాట నిజమే. వెస్ట్ వర్జీనియాలో మెక్‌డవెల్ కౌంటీ అని బొగ్గు గనుల ప్రాంతం ఉంది. 1950లో దగ్గర దగ్గర లక్ష మంది ఉండేవాళ్ళు, 2020 నాటికి 19 వేలు మిగిలారు. కెనెడీ అధ్యక్షుడయ్యాక 1961లో ఫుడ్ స్టాంపుల (పేదలకు తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే కూపన్లు) ప్రయోగాన్ని మొదలుపెట్టింది అక్కడే. గని కార్మికుల యూనియన్ బలంగా ఉన్నన్నాళ్ళూ అది డెమొక్రాట్ల కంచుకోట. 2008లో కూడా ఒబామాకే వేసింది. 2016కి వచ్చేసరికి నాలుగింట మూడొంతుల ఓట్లు ట్రంప్‌వి. ఆ ఎనిమిదేళ్ళలో అక్కడివాళ్ళు ధనవంతులైపోలేదు. గనులు మూతపడ్డాయి, యూనియన్ ఆఫీసు ఖాళీ అయింది, బొగ్గుకు తమ పార్టీయే శత్రువైందని వాళ్ళకి అనిపించింది. ఓటెయ్యమని ఇంటింటికీ తిరిగి చెప్పే మనుషులే లేకుండా పోయారు.

వ్యాఖ్య (ఒక మాస్టారు): అంటే సంపన్న రాష్ట్రాలు డెమొక్రాట్లవి, సంపన్న మనుషులు రిపబ్లికన్లు అనే పాత వాక్యం ఇక చెల్లదన్నమాట?

జవాబు: మొదటి సగం చెల్లుతుంది మాస్టారూ. మసాచుసెట్స్, మేరీల్యాండ్, న్యూజెర్సీ ఒకవైపు, మిసిసిపీ, ఆర్కన్సా, వెస్ట్ వర్జీనియా మరోవైపు. న్యూమెక్సికో పేదదైనా డెమొక్రాట్లది, యూటా ఉన్నదైనా రిపబ్లికన్లది, అవి మినహాయింపులు. 2020లో బైడెన్ గెలిచినవి మూడువేల పైచిలుకు కౌంటీల్లో సుమారు 500. దేశ ఉత్పత్తిలో దగ్గర దగ్గర 70 శాతం వాటిదే.

రెండో సగం రాష్ట్రాన్ని బట్టి మారుతూ వచ్చింది. మిసిసిపీలో ఉన్నవాడికీ లేనివాడికీ ఓటులో పెద్ద అగాధం, అందులో జాతి పాలు చాలా ఉంది. కనెక్టికట్‌లో ఆ తేడా పలుచనే. అందుకే రాష్ట్రం గురించి తేలింది మనిషికి అంటగట్టకూడదు. ‘సంపన్న రాష్ట్రాల ఓటర్లు’ అని ఉంటే దాన్ని ‘సంపన్న ఓటర్లు’ అని కుదించేస్తున్నారు, ఒక్క మాట తగ్గినందుకు అర్థం తలకిందులవుతోంది.

వ్యాఖ్య (కరీంనగర్ నుంచి): మరి రెడ్ స్టేట్ అంటే ఎర్ర రాష్ట్రం అని రాసిండ్రు ఒక పేపర్ల. మా నాయన చదివి, అమెరికల గూడ కమ్యూనిస్టులు గెలిచిండ్రా అని అడిగిండు!

జవాబు: మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. రిపబ్లికన్లకు ఎరుపు, డెమొక్రాట్లకు నీలం అనే ఆ రంగులు అక్కడ స్థిరపడింది కూడా 2000 ఎన్నికల తర్వాతే. అంతకుముందు ఒక్కో టీవీ చానెల్ ఒక్కో రంగు వాడేది. ‘రిపబ్లికన్ల రాష్ట్రం’ అని రాస్తే సరిపోతుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు: చివరిగా ఒకటి. ‘మిడిల్ క్లాస్’ని మధ్యతరగతి అనొచ్చా?

జవాబు: మామూలుగా అనొచ్చు. కానీ అంకె ఉంటే అంకె కూడా రాయండి. 2020లో బైడెన్ ఏడాదికి 4 లక్షల డాలర్లలోపు వాళ్ళకి పన్ను పెంచనని మాటిచ్చారు. మధ్యతరగతిని కాపాడటమంటే ఆయన లెక్కలో అది. రూపాయల్లోకి మారిస్తే ఇప్పుడు మూడు కోట్లు దాటుతుంది, మన పాఠకుడు అది మధ్యతరగతి అంటే ఒప్పుకోడు. అక్కడ మాత్రం గుమాస్తా దగ్గర్నుంచి సర్జన్ దాకా అందరూ తమది మిడిల్ క్లాసే అంటారు, రెండు పార్టీలూ దాని పేరు మీదే ఓట్లడుగుతాయి. నేనైతే ‘4 లక్షల డాలర్లలోపు ఆదాయం ఉన్న కుటుంబాలు’ అని రాసి, మధ్యతరగతి అన్న మాటను బైడెన్ నోటికే వదిలేస్తాను.